చెవిలో చెప్పాల్సింది హాలంతటికీ చెప్పింది

మొన్న ఆదివారం నుంచి ధర్మవరం వైపు పోవాలంటేనే గుండె దడ నాకు! మీరు నవ్వుతారు గానీ, నా స్థానంలో ఉంటే తెలిసేది.

మా నాయన బస్సు డ్రైవరు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఆ రోడ్డు మీదే సర్వీసంతా అయిపోయింది. ధర్మవరంలో రిటైర్మెంట్ ఫంక్షన్. ఇంటి తరఫున పెద్దకూతురు మాట్లాడల్ల అన్నారు. అంటే నేను! బ్లౌజులు కుట్టుకునేదాన్ని, మైకు ఎప్పుడు ముట్టుకున్నా? పైగా నాయన ముందర! ఆయన దగ్గితే ఇప్పటికీ లేచి నిలబడతా. నలుగుర్లో ఆయన పరువు తీస్తానేమో అని రెండు రోజులు ముద్ద దిగలేదు.

చెల్లెలు నా ఫోన్లో ఒక యాప్ వేసిచ్చింది. స్పీచ్ అదే రాస్తుంది. మనం మాట్లాడతా ఉంటే వింటుంది, మర్చిపోతే చెవిలో అందిస్తుంది. "ఎమోషన్ ఎక్కువ" అని నొక్కినా. ఇయర్‌బడ్ చెవిలో పెట్టి, పైన జుట్టు కప్పి, కనకాంబరాలు వేలాడేసుకున్నా. ఎవురికీ కనపడదు!

ఫంక్షన్లో నాయనకు శాలువా కప్పేటప్పుడు నాదస్వరం కావాలన్నారు. నా దగ్గరుంది అని ఎగేసుకుంటా పోయి, నా ఫోన్నే సౌండ్ బాక్సులకు బ్లూటూత్‌లో కలిపినా. నాదస్వరం అయింది, చప్పట్లు అయినాయి. కలిపింది తీయల్ల కదా? ఆ భయంలో యాడ గుర్తుంటుంది! యాప్‌లో స్టార్ట్ నొక్కి స్టేజీ ఎక్కేసినా.

"అందరికీ నమస్కారం" అన్నా. అంతే, మిగతాదంతా తుడిచిపెట్టుకుపోయింది. చెవిలో సడీ చప్పుడూ లేదు.

అప్పుడు హాలంతా మోగింది.

"భయపడకండి. ఊపిరి పీల్చుకోండి. ఇప్పుడు నాన్నగారి వైపు తిరిగి కన్నీళ్లు తుడుచుకోండి."

అబ్బబ్బ, ఏం నవ్వులు! నాయన మాత్రం నవ్వలేదు. ముందు కుర్చీలోంచి నన్నే చూసి, "ఏం పాపా, నా కోసం ఏడ్చేదానికి గూడా ఎవురో చెప్పల్లనా?" అన్నాడు. పై ప్రాణాలు పైనే పోయినాయి. ఆయన మనసు నొప్పించినానే అని నిజంగానే ఏడుపొచ్చేసింది.

"కాదు నాయనా! నీ ముందర నోరు తెరవాలంటే భయం నాకు. చిన్నప్పుడు నీ బస్సు లేటయితే ఇంకా భయం. నేనూ చెల్లెలూ వాకిట్లోనే నిలబడుకుంటాంటిమి. నువ్వు కనపడతానే లోపలికి ఉరికి పుస్తకాలు పట్టుకుంటాంటిమి..."

నాయన శాలువా అంచుతో కండ్లొత్తుకుంటాండాడు. సరిగ్గా అప్పుడే హాలంతా మళ్లీ మోగింది.

"మీరు స్క్రిప్టు దాటి వెళ్లారు. దయచేసి రెండో పేరాకు తిరిగి రండి."

నాయన పడీ పడీ నవ్వినాడు! నాకు బుద్ధి తెలిసినాక ఆయన అట్ల నవ్వింది చూడలే.

నిన్న డిపో నుంచి ఒకన్న ఫోన్ చేసినాడు. వచ్చే నెల ఇంకో డ్రైవరన్న రిటైర్మెంట్ అంట, నన్ను తప్పకుండా రమ్మన్నాడు. నేను పొంగిపోయి, "ఏం మాట్లాడల్లన్నా?" అంటి.

"నువ్వేం మాట్లాడొద్దులేమ్మా, ఆ ఫోను తెస్తే చాలు!"