నాయన పెట్టె తాళం వదినకు ఇచ్చినప్పుడు

మా నాయనను సమాధి చేసి వచ్చిన సాయంత్రం మా వదిన సారమ్మ కొంగుముడి విప్పి ఇనుపపెట్టె తాళం బయటికి తీసింది సహోదరులారా, ఆ తాళం చూసిన క్షణంలో నా దుఃఖమంతా ఆరిపోయి కడుపులో మంట మొదలైంది!

పెట్టెలో భూమి పాసుపుస్తకం, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, సమాధి దగ్గర ఏ పాట పాడాలో నాయన చెప్పి రాయించిన కాగితం, అన్నీ వేరువేరు కవర్లలో ఉన్నాయి. డిగ్రీ చదివిన కూతురిని నేనుండగా కోడలితో రాయించాడా! అనంతపురంలో నా ఇంటికి తిరిగి వచ్చినా ఆ మంట ఆరలేదు, బిడ్డకు పాలు పడుతున్నా అదే తలపు, ఎవరైనా వదినను మెచ్చుకుంటే ఆ పూట నాకు అన్నం దిగేది కాదు.

శింగనమల దగ్గర మాకున్న కొద్దిపాటి మెట్ట భూమి అమ్మ పేరుకు మారాలంటే పిల్లలందరూ మండల ఆఫీసులో సంతకం చేయాలన్నారు. అన్న బెంగళూరు పని నుంచి వచ్చి చేసి పోయాడు. నేను మాత్రం బిడ్డకు జ్వరమని ఒకసారి, ఎండలని ఒకసారి తప్పించుకున్నాను. అంతలో, ఎన్నాళ్లకో వాన పడింది! సబ్సిడీ వేరుశనగ విత్తనకాయల కోసం అమ్మ వరుసలో నిలబడితే, పాసుపుస్తకం చనిపోయిన మనిషి పేరున ఉందని వెనక్కి పంపారు.

వదిన బస్సెక్కి నేరుగా మా ఇంటికి వచ్చింది.

"ఏమ్మా ఎస్తేరూ, నేలలో పదును ఆరిపోతాంది. సంతకం పెట్టేకి నీకేమైంది?"

"తాళం నీ దగ్గరే ఉండాది కదా వదినా, సంతకం కూడా నువ్వే పెట్టుకో!"

"మంచాన పడినప్పుడు మామ ముందు నిన్నే పిలిచినాడు గదా! కాగితాలు చూపిస్తా రామ్మా అంటే, 'ఆ మాటెత్తొద్దు నాయనా, అది అవిశ్వాసం, దేవుడు బాగు చేస్తాడు' అని తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి బస్సెక్కి పోతివి. ఇంక ఎవురికి చెప్పుకోవల్ల ఆయప్ప? గోడకా? నేను ఆడుంటి, నాకు చెప్పినాడు."

నేను లోపలి గదిలోకి పోయి మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, నాయన చివరి మాటలు నాకు దక్కలేదు, అవి దక్కిన మనిషిని చూసి కాలిపోతున్నాను, ఈ మంట తీసివేయి తండ్రీ!"

అప్పుడు నాకు సిలువ కళ్లముందు కనబడింది సహోదరులారా! ప్రాణం పోయే వేళ కూడా మన ప్రభువు తన తల్లికి ఏర్పాటు చేశాడే, దగ్గర నిలబడిన శిష్యునికి ఆమెను అప్పగించాడే, అది అవిశ్వాసమా? మా నాయన కూడా దగ్గర నిలబడిన మనిషికే అప్పగించాడు. ఆ గదిలో నేను మొదటిసారి మా నాయన కోసం ఏడ్చాను, హల్లెలూయా!

ఆ రోజే వదినతో కలిసి మండల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా కవర్లు తిరగేసి, "అన్నీ బాగా సర్దినారే, సదువుకున్న కూతురివి నువ్వేనా?" అన్నాడు.

"సర్దింది నేను కాదు సార్, మా వదిన," అన్నాను. ఆ మాట నా నోట పలికించింది దేవుడే, నా సొంత బలం ఎంతమాత్రం కాదు!

"చాల్లేమ్మా, సంతకం పెట్టు, బస్సు పోతాది," అంది వదిన.

పేరు మారడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది గానీ, ఆ సంతకాల కాగితం చూపిస్తే అమ్మకు విత్తనకాయలు ఇచ్చారు, దేవునికి స్తోత్రం!

అసూయ ఇక రాదా అంటే వస్తుంది. అమ్మా వదినా నాయన గురించి మాట్లాడుకుంటుంటే ఇప్పటికీ గుండెలో చురుక్కుమంటుంది. అప్పుడు ప్రభువును తలచుకుని వదిన పక్కన కూర్చుని, "ఇంకేం చెప్పినాడు వదినా?" అని అడుగుతాను. ఆమె దాచుకోకుండా చెబుతుంది.

ప్రియులారా, మీ ఇంట్లో మంచాన ఉన్న తల్లిగానీ తండ్రిగానీ ఫలానా కాగితం ఎక్కడుందో చెప్పబోతే, ప్రార్థనతో వారి నోరు మూయకండి. బాగు చేసేవాడూ ఆయనే, పిలుచుకునేవాడూ ఆయనే, రెండింటికీ ఆయనను నమ్మి, మంచం దగ్గరికి కుర్చీ జరుపుకుని వినండి. దేవునికే మహిమ!