తెల్లకాగితం సోమవారాలు

సైన్సు టీచరమ్మకి పిల్లలు పెట్టిన పేరు టేప్‌రికార్డరు. ఆవిడ క్లాసు ఒక్క గొంతుతో పాఠం అప్పజెబుతుంటే వరండాలో వెళ్లేవాళ్లు ఆగి వినేవారు. ఇరవై రెండేళ్లు ఆ మెచ్చుకోలుతోనే బతికింది, పాపం.

వేసవి శిక్షణలో మనోవిజ్ఞానం చెప్పే ఒకాయన, పదేపదే చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుందే తప్ప రాదనీ, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి గింజుకుంటేనే నిలుస్తుందనీ అన్నాడు. ఆవిడకి ఒళ్లు మండింది. ఆయన మాట అబద్ధమని తేల్చడానికే, బడి తెరవగానే తన పాత పిల్లలకు తెల్లకాగితాలిచ్చి, సెలవులకు ముందు చెప్పిన పాఠం రాయమంది. ముప్పై ఎనిమిది మందిలో నలుగురు రాశారు. స్టాఫ్‌రూము తలుపు వేసుకుని ఏడ్చింది.

ఇక తన క్లాసులో ప్రతి సోమవారం తెల్లకాగితమే. ఎప్పుడో అయిపోయిన పాఠం, మార్కుల్లేవు, తప్పు రాసినా ఫరవాలేదు. పిల్లలు నసిగారు, గింజుకున్నారు. చివరి బెంచీలో దర్జీ కూతురు ఉండేది, నోరు విప్పితే ఒట్టు. ఆ పిల్ల ఐదో సోమవారం ఊపిరితిత్తుల బొమ్మ వేసి, పక్కన తన సొంత మాటల్లో పేజీ నిండా రాసింది. టీచరమ్మ ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి భర్తకి చూపించింది.

"నీకే ప్రైజొచ్చినట్టు మురిసిపోతున్నావే" అన్నాడాయన.

ఆరో వారంలో యూనిట్ పరీక్ష. ముందు రోజంతా వల్లెవేసిన పక్క సెక్షను దూసుకుపోయింది, ఈవిడ క్లాసు చతికిలబడింది. తల్లిదండ్రులు హెడ్మాస్టరు గదిని ముట్టడించారు.

"వార్షిక పరీక్షల దాకా ఆగండి సార్, వీళ్లకే గుర్తుంటుంది" అని బతిమాలింది.

"అప్పటిదాకా నన్నీ కుర్చీలో ఉండనిస్తారా అమ్మా? మీకు లైబ్రరీ ఇస్తున్నాను. కాస్త విశ్రాంతిగా ఉంటుంది."

ఆయన చెడ్డవాడు కాదు. అదే ఇంకా బాధ.

నెల తిరక్కుండానే, కొత్త టీచరు చేతిలో ఆ క్లాసు మళ్లీ ఒక్క గొంతయింది. ఒక మధ్యాహ్నం దర్జీ కూతురు లైబ్రరీకి పరుగెత్తుకొచ్చింది.

"మేడం, ఇప్పుడు నాక్కూడా అందరితో పాటు గడగడా వచ్చేస్తోంది. సోమవారాలు ఏమీ రానట్టు భయమేసేది. ఇప్పుడు హాయిగా ఉంది."

పోయిన వారం పాఠం అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆ నవ్వు పోతుంది. మళ్లీ నేర్పడానికి తన చేతిలో క్లాసు లేదు.

"మంచిదమ్మా" అంది.