లావు పుస్తకం, నడిమి పేజీ

పర్చూరు డిగ్రీ కాలేజీలో గణిత శాఖాధిపతిగా నేను బదిలీ మీద చేరింది ఒక జూన్ నెలలో. శాఖలో ఉన్నది నేనొక్కణ్ణే కనుక నా ఆధిపత్యానికి ఎదురులేదు. దానితోపాటు గ్రంథ ఎంపిక సంఘం అధ్యక్ష పదవి కూడా సంక్రమించింది. లైబ్రరీకి ఏ పుస్తకాలు తెప్పించాలో తేల్చే సంఘం అది. మా పద్ధతి శాస్త్రీయమైనది: అట్ట చూడడం, ముందుమాట చదవడం, చేత్తో ఎత్తి బరువు అంచనా కట్టడం. ఆ ప్రకారం రియల్ అనాలిసిస్‌కు, అంటే కాలిక్యులస్‌లో మనం నమ్మకం మీద చేసేసే పనులన్నిటికీ రుజువులడిగే శాస్త్రానికి, మేం ఎంచుకున్న మహాగ్రంథాన్ని మేడ ఎక్కిస్తూ అటెండరు మధ్యలో ఆగి టీ తాగాడు.

ఆ ఏడాదే కనిగిరి వైపు హైస్కూల్లో లెక్కలు చెప్పే సువార్తమ్మ గారు నా దగ్గరికి వచ్చారు. దూరవిద్యలో ఎమ్మెస్సీ. రియల్ అనాలిసిస్ పేపరు ఇప్పటికే రెండుసార్లు పోయింది, ఇక ఉన్నది ఆఖరి అవకాశం. అదీ పోతే డిగ్రీ రాదు, జూనియర్ లెక్చరర్ పదోన్నతీ రాదు. చెప్పేవాళ్లు లేరు, సొంతంగా చదువుకోవాలి. ఏ పుస్తకం చదవమంటారని అడిగారు.

గంభీరంగా మహాగ్రంథం చూపించాను. "అనాలిసిస్ అంటే ఇదేనమ్మా. మిగతావన్నీ గైడ్లు."

ఆమె అట్ట చూడలేదు. సరాసరి నడిమి పేజీ తెరిచి ఒక రుజువు మీద వేలు పెట్టారు. "ఇక్కడ 'ఇది స్పష్టమే' అని దాటేశాడండి. ఎట్లా స్పష్టమో చెప్తారా సార్?"

చూశాను. నా సర్వీసు మొత్తంలో అంత అస్పష్టమైన విషయం చూడలేదు. కళ్లజోడు తుడిచాను. ఫ్యాను పెంచాను. ప్రిన్సిపాల్ గారు పిలుస్తున్నారన్నాను.

"ఆయన ఇవాళ సెలవంటగా సార్. గేటు దగ్గర చెప్పారు."

కూర్చున్నాను.

"మా నాన్న గుంటూరు యార్డులో మిరప టిక్కీలు, అంటే కాయల బస్తాలు, మోశాడండి," అన్నారామె. "కొనేవాడు బస్తా పైన కాయ చూడడు సార్, నడిమికి చెయ్యి దూరుస్తాడు. పైన ఎప్పుడూ ఎర్రగానే ఉంటది. తెల్లబారిన తాలు కాయంతా లోపలే."

"అయితే ఇది తాలంటారా?"

"పుస్తకం మంచిదేనేమో సార్. నాకైతే పనికిరాదు. మీకు కూడా..." అని మర్యాదగా ఆగిపోయారు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం అరలోని అనాలిసిస్ పుస్తకాలన్నిటినీ నడిమికి తెరిచాం. ప్రతి అడుక్కీ కారణం రాశాడా, అభ్యాసాలకు వెనకాల సూచనలిచ్చాడా అన్నవే పరీక్షలు. ఒంటరిగా చదివేవాళ్లకు తప్పు దిద్దే దిక్కు ఇంకేముంటుంది? మా సంఘం సంతకాలతో వచ్చిన గ్రంథరాజాలన్నీ వరసగా ఒరిగాయి. నిలిచింది, 'తూకం చాలదు' అని మేమే మూలన పడేసిన, అట్ట ఊడిన సన్నటి పుస్తకం.

దాంతోనే ఆమె పాసయ్యారు. ఇప్పుడు జూనియర్ లెక్చరర్.

నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్న రోజున లైబ్రరీలో ఆ మహాగ్రంథం కార్డు చూశాను. తీసుకెళ్లిన వాళ్ల జాబితాలో ఒకే పేరుంది, నాది. ఆమె వచ్చిన రోజు సాయంత్రమే ఇంటికి తీసుకెళ్లాను; ఆ 'స్పష్టమే' నాకు స్పష్టం కావడానికి పదకొండు రోజులు పట్టింది. నేను చెయ్యి దూర్చి చూడని పుస్తకాన్ని మరొకరికి చెప్పకూడదని ఆ పదకొండు రోజుల్లో తెలిసింది. సంఘానికి మాత్రం చెప్పలేదు. అధ్యక్షుడు ఒప్పుకోడు.