ముప్పై గ్రాముల సత్తు

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. బ్యూరెట్‌లో ద్రావణం మట్టం దగ్గర నేను చదివిన అంకె 18.60 మిల్లీలీటర్లు. మా పరిశ్రమలో ఒకరు చదివిన అంకెను మరొకరు చూసి సంతకం చేయాలి. ఆ రోజు నా పక్కన నిలబడిన జూనియర్ అనలిస్ట్ రజియా చదివినది 18.20. కంటికీ గాజుగొట్టానికీ మధ్య దూరం అడుగుకు మించదు.

"మేడమ్, జర మళ్ళొక్కసారి చూడుండ్రి," అన్నది రజియా.

మళ్ళీ చూశాను. 18.60. కుడికన్ను మూసి చూశాను. గొట్టం మీది గీతలు నీళ్ళలో ముంచిన పుల్లల్లాగా వంగి ఉన్నాయి. ఎడమకన్ను మూసి చూశాను. గీతలు తిన్నగా ఉన్నాయి, అంకె 18.20.

జడ్చర్ల దగ్గర మందులు తయారుచేసే ఒక పరిశ్రమలో, క్వాలిటీ కంట్రోల్ విభాగంలో అప్పటికి పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది అది. నా వయసు నలభై ఒకటి. షుగర్ ఉన్నట్టు తెలిసి ఆరేళ్ళయింది. మాత్రలు ఒక్కరోజు కూడా తప్పలేదు. మాత్రలు తప్పనంతవరకు వ్యాధి అదుపులో ఉన్నట్టేనని అనుకున్నాను. కొలవకుండా అలా అనుకోవడం నా వృత్తిలో ఎవరికీ తగని పని.

మహబూబ్‌నగర్‌లో కళ్ళ డాక్టర్ పరీక్షించి, అద్దాలతో పోయేది కాదని హైదరాబాద్ పంపించారు. అక్కడ OCT అనే స్కాన్ తీశారు. ఎడమకంటి రెటినా మధ్యభాగం మందం 482 మైక్రాన్లు ఉంది. ఉండవలసినది సుమారు అందులో సగం. మూడు నెలల షుగర్ సగటును చెప్పే HbA1c 11.4. ఏడులోపు ఉండాలి.

"దీన్ని macular edema అంటరమ్మా," అన్నారు డాక్టరమ్మ, స్క్రీన్ నా వైపు తిప్పి. "రెటినా మధ్యల నీరు చేరింది. నెలకొక injection ఇస్తం, వాపు తగ్గుతది. కానీ ఇంజెక్షన్ నా చేతిల ఉంది, షుగర్ నీ చేతిల ఉంది. ఇట్లనే నడిస్తే రేపు కుడికన్ను కూడా ఇదే తొవ్వ పడుతది."

కుడికన్ను కూడా పోతే నేను బ్యూరెట్ చదవలేను, క్రొమటోగ్రామ్ గ్రాఫు చూడలేను, మా ఇంటికి వచ్చే బస్సు బోర్డు కూడా చదవలేను. ఆ తర్వాత నేను చేసినదంతా ఆ కుడికంటి కోసమే.

జడ్చర్లలో నాకు షుగర్ మందులు రాసే డాక్టర్ ఒక్కటే ప్రశ్న అడిగారు. "మాత్రలు సరిగ్గ ఏసుకుంటున్ననంటవ్. మరి పదకొండు ఎందుకైతదమ్మా? ఏం తింటున్నవో చెప్పు."

చెప్పాను. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక జొన్నరొట్టె, రాత్రి కొంచెం అన్నం, సాయంత్రం పల్లీలు. పల్లీలు మంచివేనని, గుప్పెడు తినవచ్చని ఆయన అన్నారు. ఆ మాట తప్పు కాదు. నేను పల్లీలు తింటున్నాననడమూ అబద్ధం కాదు. ఇద్దరమూ పట్టించుకోనిది సత్తు.

సత్తు అంటే మా అత్తమ్మ నర్సమ్మ చేసే పొడి. పల్లీలు, నువ్వులు దోరగా వేయించి, రోట్లో దంచి, బెల్లం కలుపుతుంది. ఆమె పుట్టి పెరిగింది కేతేపల్లిలో. అక్కడ దాన్ని సద్దుల బతుకమ్మకు మాత్రమే చేసేవారట. మా దగ్గరికి వచ్చాక, పాలమూరు పల్లీలు మంచివి, చేతికందేంత దగ్గర్లో దొరుకుతున్నాయని ఏడాది పొడవునా చేయడం మొదలుపెట్టింది. ఏడాదికి ఒక్కరోజు తినవలసిన పదార్థం మా వంటింట్లో స్టీలు డబ్బాలో ప్రతిరోజూ ఉండేది.

షిఫ్టు ముగించుకుని నేను ఇల్లు చేరేది మూడున్నరకు. ఆ వేళ మా ఆయన పనిలో, అత్తమ్మ పక్కింట్లో ఉండేవారు. నిలబడే రెండు చెంచాలు తినేదాన్ని. రెండు చెంచాలతో ఆగిన రోజు నాకు గుర్తులేదు. అది ఆకలి కాదు. రుచి కూడా మొదటి మూడు నాలుగు చెంచాల వరకే తెలిసేది. ఆ తర్వాత చేయి ఒక్కటే పనిచేసేది. డబ్బా అడుగు కనబడినప్పుడు కడుపు బిగిసి, ఊపిరి అందక, గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

మొదటి ఇంజెక్షన్ తర్వాత నేను వేసిన పథకం నా వృత్తికి తగినట్టుగా ఉంది. గ్రాముల్లో తూచే వంటింటి తూకం ఒకటి కొన్నాను. సత్తుకు పరిమితి రోజుకు ముప్పై గ్రాములు. మా ల్యాబ్‌లో ప్రతి పదార్థానికీ ఒక పరిమితి ఉంటుంది, దానికి లోబడితే పాస్, దాటితే ఫెయిల్. మూడు వారాలు పాస్ అయ్యాను. నాలుగో వారంలో ఒకనాడు ముప్పై గ్రాములు తూచి, తిని, గిన్నె కడిగి బోర్లించాను. మళ్ళీ వెనక్కి తిరిగి డబ్బా మొత్తం తిన్నాను.

ఫెయిలైన ఫలితానికి కారణం వెతకడం మాకు అలవాటు. పరిమితి ఎక్కువగా పెట్టానని నిర్ణయించి ఇరవై గ్రాములకు తగ్గించాను. తిన్నదానికి బదులుగా రాత్రి భోజనం, మరునాటి టిఫిన్ మానేశాను. మాత్ర మాత్రం మానలేదు. ఆ మరునాడు జడ్చర్ల బస్టాండులో చెమటలు పట్టి, కాళ్ళు వణికి పడిపోయాను. ఎవరో సోడా తాగించారు. దవాఖానలో చూస్తే షుగర్ 52. డెబ్బైకి కిందికి దిగకూడదు.

"తిండి మాని మాత్ర ఏసుకుంటవా? చదువుకున్నదానివి!" షుగర్ డాక్టర్ మొదటిసారి గట్టిగా మాట్లాడారు. సత్తు సంగతీ, గ్రాముల లెక్కా చెప్పేశాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "సరే, ఎంత తినాలని ఇన్నిసార్లు అడిగినవ్. నేనొకటడుగుత. మొదటి చెంచా తర్వాత నీకెట్లుంటది?"

అంతవరకు ఎవరూ నన్ను అది అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

"ఆగదు సర్," అన్నాను.

"అన్నిటికీ గట్లనేనా? బిర్యానీ? మిఠాయి?"

ఆలోచించాను. మొన్నటి రంజాన్‌కు రజియా పంపిన షీర్ ఖుర్మా ఒక గిన్నె తిని, చాలని పక్కన పెట్టాను. బిర్యానీ కూడా కడుపు నిండితే ఆపుతాను. ఆగనివి పల్లీలూ బెల్లమూ కలిసినవి మాత్రమే: సత్తు, పల్లిపట్టి, లడ్డూ.

"అదే నీ trigger food," అన్నారు ఆయన. "ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. నీకు కొలత పెడితే పనిచెయ్యదు. ఎందుకంటే నీకు ఆ కొలతే మొదటి చెంచా."

ఆయన నన్ను మహబూబ్‌నగర్‌లో ఒక psychologist దగ్గరికి పంపారు. ఆమె దీనికి binge eating disorder అనే పేరుందని, ఇది జబ్బుల్లో ఒకటని చెప్పింది. నేను అదుపు తప్పిన రోజులన్నిటిలో మధ్యాహ్నం అర్ధాకలితో లేచానని ఆమెతో మాటల మీదే తేలింది. అప్పటినుంచి పన్నెండున్నరకు కడుపునిండా భోజనం, షిఫ్టు దిగేముందు ఒక ఉడికించిన గుడ్డు. సత్తు ఇంట్లో ఉండకూడదన్నది ఆమె చెప్పిన రెండో మాట. గుడ్డు సులువు. రెండోది అత్తమ్మకు చెప్పాలి.

"నిరుడుదాంక తిన్నవు గద బిడ్డా, గిప్పుడు నా చేతి సత్తు విషమైందా?" అన్నది అత్తమ్మ.

"విషం కాదు అత్తమ్మా. డబ్బా కనబడితే నేను ఆగలేకపోతున్న."

"సిన్నపిల్లవా నువ్వు? సరే తియ్, కనబడకుంట పెడ్త."

డబ్బాను అటక మీద పాత పరుపుల వెనక పెట్టింది. దాచిన డబ్బా ఎదురుగా ఉన్న డబ్బా కంటే ఎక్కువగా గుర్తొస్తుందని మా ఇద్దరికీ తెలియదు. నాలుగో రోజు స్టూలు వేసుకుని అటక ఎక్కాను.

అయినా మూడు ఇంజెక్షన్లకు వాపు 310కి దిగింది. అంతలో సద్దుల బతుకమ్మ వచ్చింది. ఆట ముగిశాక ఆడవాళ్ళు ఒకరి కొంగులో ఒకరు సత్తు పెట్టుకుంటారు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. పెట్టింది వద్దంటే పెట్టిన మనిషిని వద్దన్నట్టే. కొంగు పట్టాను. వాడంతా పెట్టింది. ఇంటికి వచ్చి, పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని, కొంగు ఖాళీ అయ్యేదాకా తిన్నాను. పండుగకు మళ్ళీ నిండిన అటక డబ్బాతో అది నెల దాటి సాగింది. తర్వాతి స్కాన్‌లో వాపు 455.

"పండుగొక్కటే చేసిందని నేననను," అన్నారు కళ్ళ డాక్టరమ్మ. "వాపు మళ్ళ రావడానికి కారణాలు మస్తుంటయి. కానీ HbA1c మళ్ళ పదయింది. కుడికంటిల కూడా చిన్న చుక్కలు మొదలైనయ్. చూస్తున్నవా?"

చూస్తున్నాను. కుడికంటి ఫోటో మీద, అచ్చులో పడిన సిరాచుక్కల్లాంటి ఎర్రటి చుక్కలు రెండు.

ఎడమకంటికి పట్టీతో ఇల్లు చేరేసరికి అత్తమ్మ చాటలో పల్లికాయ ఒలుస్తున్నది. మా ఆయన స్కాన్ సంగతి చెప్పారు. ఆమెకు కోపం వచ్చింది. భయపడినప్పుడు ఆమెకు కోపమే వస్తుంది.

"గంత సదువుకున్నవ్, గీ గింజలకు ఓడిపోతవా? పల్లీలేమన్న నిన్ను పేరు వెట్టి పిలుస్తున్నయా?"

"పిలుస్తున్నయ్ అత్తమ్మా," అన్నాను. "డ్యూటీల ఉన్నా ఇనబడ్తది."

ఆమె చేతులు ఆగిపోయాయి. చాటను పక్కకు జరిపింది.

"మీ మామ గూడ గిదే మాటన్నడు," అన్నది. "కల్లు కాంపౌండు ముంగటికెల్లి పోతుంటే కాళ్ళు వాటంతటవే తిరుగుతయనేటోడు. కొట్లాడిన. తిట్టిన. పిల్లల మీద ఒట్టు ఏపిచ్చిన. ఏం కాలే. ఆఖరికి పొద్దుమీకి నేనే ఎదురువొయ్యి, చేన్లకెల్లి సుట్టు తిప్పి ఇంటికి తీస్కొచ్చేదాన్ని. ఒక కోసు ఎక్కువ నడుద్దుము. గంతే. మనిషిని మార్చలే బిడ్డా. తొవ్వ మార్చిన."

లేచి, అటక మీది డబ్బా దింపించింది. డబ్బా, పల్లీల సంచి, చాటలోని గింజలు పక్కింటికి చేరాయి. రోలును పెరట్లో బోర్లించి, దాని మీద తులసి కుండీ పెట్టింది.

మరుసటి ఏడాది సద్దుల నాడు నేను ఆటకు పోనన్నాను. "ఆడకుంట ఎట్ల? ఆట కండ్లకేం జేస్తది?" అని ఆమే నన్ను తీసుకుపోయింది. ఆట ముగిసి ఆడవాళ్ళు గిన్నెల మూతలు తీసేసరికి, నాకూ వాళ్ళకూ మధ్య వచ్చి నిలబడి, రెండు చేతులా కొంగు పట్టింది.

"మా కోడలి వంతు గూడ నాకే పెట్టుండ్రి."

"అబ్బో! పండ్లన్ని ఊడినయ్ గని ముసల్దానికి ఆశ ఊడలే!" అన్నది ఒకామె.

"ఆశ ఊడుతదా? సచ్చేదాంక ఉంటది. పెట్టు, పిసినారిదానా, నిండ పెట్టు."

"కోడలికి గింజంతన్న ఉంచవా నర్సమ్మత్తా?"

"దానికెందుకు? నా సొమ్ము తిని ఎట్ల బలిసిందో సూడు!"

అందరూ విరగబడి నవ్వారు. నేను నోరు తెరవబోతే మోచేత్తో పొడిచింది. తిరిగి వచ్చేటప్పుడు, మలుపులో కొత్త బిల్డింగు కడుతున్న కూలీల గుడిసెల దగ్గర ఆగి, ఉన్నదంతా పంచిపెట్టింది. కొంగు రెండుసార్లు దులిపి, అప్పుడు ఇంట్లోకి వచ్చింది. అప్పటినుంచి ప్రతి ఏడాదీ అంతే.

ఆ తర్వాత అదుపు తప్పలేదని రాస్తే అది తప్పుడు రిపోర్టు అవుతుంది. యాదగిరిగుట్ట నుంచి తిరిగి వస్తూ ఒకసారి, పెళ్ళింట్లో ఒకసారి పల్లిపట్టి దగ్గర ఓడిపోయాను. తేడా ఒక్కటే: తర్వాతి పూట భోజనం మానలేదు, అదేరోజు ఇంట్లో చెప్పాను. అది అక్కడితో ఆగింది. ఈ మధ్య HbA1c ఏడు దగ్గర నిలబడుతున్నది. కుడికంటిలోని చుక్కలు పెరగలేదు.

ఇదంతా రాస్తానని అత్తమ్మను అడిగాను. ఆమెకు చదువు రాదు. "రాస్కో," అన్నది. "పేపర్ల పడ్డంక ఇంకింత ఎక్కువ పెడ్తరు."

నాలాంటివారికి నేను చెప్పగలిగినది ఒక్కటి. ఎంత తినాలని అడిగేముందు, మొదటి ముద్ద తర్వాత ఆగగలిగేదేదో, ఆగలేనిదేదో తెలుసుకోండి. ఆగలేనిదాని పేరు డాక్టరుకూ, మీ ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడే మనిషికీ ఒకేరోజు చెప్పండి. అందరూ నాలాగా పూర్తిగా మానుకోవలసిన పనిలేదు. కొందరికి దాన్నే మళ్ళీ కొద్దికొద్దిగా, భయం లేకుండా తినడం నేర్పిస్తారని మా psychologist చెప్పింది. మీకు ఏది తగినదో వారే నిర్ణయించాలి.

ఇక లెక్క. ఎడమకంటికి పది ఇంజెక్షన్లు. ఎడమకంటి చూపు 6/36, ఇంతకంటే మెరుగుపడదు. కుడికంటి చూపు 6/6. ల్యాబ్‌లో బెంచి దగ్గరి పని పోయింది. ఇప్పుడు రికార్డుల విభాగంలో ఉన్నాను, బ్యూరెట్ చదివి మొదటి సంతకం చేసేది రజియా. మా ఇంట్లో పల్లీలు వేగే వాసన లేదు. ముప్పై ఇళ్ళున్న మా వాడలో అత్తమ్మకు ఆశపోతు అనే పేరు మిగిలింది.