మధ్య కుట్టు

ఆవిడకి సందు జనం పెట్టిన పేరు ఎందుకమ్మ. ఇరవై ఏళ్ళుగా అక్కడే బట్టలు కుడుతోంది కాబట్టి న్యాయంగా టైలరమ్మ అనాలి. కానీ భుజం కొలత తీసుకుంటూ కూడా "ఎడమది కాస్త దిగి ఉందే, ఎందుకు?" అని అడిగే మనిషిని ఇంకేమని పిలుస్తారు? పాలవాడు ఆలస్యంగా వస్తే ఆవిడ తిట్టదు, ఎందుకాలస్యమైందో మొదటినుంచీ చెప్పించుకుంటుంది. తిట్టినా బాగుండేదనిపిస్తుంది వాడికి.

గుడ్డ ప్యాడ్ల వ్యవహారం కూడా అలాగే మొదలైంది. ఓసారి సందులో మురుగు కాలవ పూడిపోయి, నీళ్ళు గుమ్మాల దాకా ఎక్కాయి. శుభ్రం చేసే మనిషి వచ్చి కర్రతో ముద్దలు ముద్దలుగా పైకి లాగాడు. అవేమిటో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఒక్కొక్కరూ మెల్లగా తలుపులు మూసుకున్నారు. ఎందుకమ్మ మాత్రం ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గరికి వెళ్ళింది.

"ఏనాటివో ఇవి! ఇంకా కుళ్ళలేదేం?"

"ప్లాస్టిక్కమ్మా. నువ్వూ నేనూ పోయినా అవి ఉంటాయి" అన్నాడతను.

ఆ మధ్యాహ్నమే ఆవిడ కొట్లోంచి కొత్త ప్యాడ్ల పొట్లం తెచ్చి, ఒకదాన్ని కత్తెరతో నిలువునా కోసి, పొరలన్నీ మిషను బల్ల మీద పరిచింది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఓస్, ఇంతేనా!" అంది.

ఆవిడ కుట్టినదానికి లోపల మెత్తటి నూలు గుడ్డ నాలుగు మడతలు, అడుగున తడి దిగకుండా రెయిన్‌కోటు గుడ్డ, పక్కకి రెండు రెక్కలు, రెక్కలకి ప్రెస్ బటన్లు. పొరలు జరిగిపోకుండా నడిమధ్య నిలువునా, అడుగుదాకా, రెండు వరసల గట్టి కుట్టు. ఆ మధ్య కుట్టంటే ఆవిడకి మహా గర్వం. గుడ్డ చిరగాలి గానీ తన కుట్టు ఊడటమా!

ఆరోగ్య కేంద్రం నర్సు నెలకోసారి సందు చివర పిల్లలకి ట్యూషన్ చెప్పే గదిలో ఆడవాళ్ళకి నెలసరి గురించి క్లాసు చెబుతుంది. ప్యాడ్లు చూసి ఆవిడ సంబరపడింది. "శనివారం క్లాసులో ముప్ఫై మందికిద్దాం. కానీ ఉతికాక ఎండలోనే ఆరెయ్యాలి. వేరే బట్ట కింద దాచకూడదు" అంది.

"దాస్తే ఏమవుతుంది?" అడిగింది ఎందుకమ్మ.

"లోపలి తడి ఆరదు. తడిలో క్రిములు పెరుగుతాయి. మంటలూ దురదలూ వచ్చేది అందుకే."

అంతా బాగానే ఉంది. ఒక్కటే చిక్కు. ఎందుకమ్మకి నెలసరి ఆగిపోయి ఆరేళ్ళయింది. కుట్టినది తను వాడి చూసుకునే వీల్లేదు. కొలతకి ఆది జాకెట్టు లేకుండా కుట్టినట్టే. బల్ల మీద పెట్టి అరగ్లాసు నీళ్ళు పోసి చూసింది, చుక్క కిందికి దిగలేదు. ఆ ధైర్యంతో మొదటి ప్యాడ్లు తోటికోడలి చేతిలో పెట్టింది.

తోటికోడలు కాపురముండేది పక్క గదిలోనే. అట్టపెట్టెలు కట్టే షెడ్డులో పని. ఎనిమిది గంటలు నిలబడే ఉండాలి, పైగా లేత నీలం యూనిఫాం. సోమవారం మధ్యాహ్నం వెనకాల మరక పడింది. సూపర్‌వైజరు అందరిముందూ, "ముందు ఇంటికెళ్ళి బట్టలు మార్చుకో" అని కేకేశాడు. ఆ పిల్లకి తల తీసేసినట్టయింది. ఇంటికొచ్చి తలుపేసుకుంది. సాయంత్రం కబురొచ్చింది, బుధవారానికి రాకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటారని. అయినా కదల్లేదు.

సంగతి ఎందుకమ్మకి తెలిసింది. తన చేతి పని మూలంగా ఆ పిల్ల ఉద్యోగం పోతుందా? మంగళవారం పొద్దున్నే వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఎక్కడ కారిందే?"

"అక్కడే అక్కా."

"అక్కడంటే? ముందా, వెనకా, పక్కలా?"

"అబ్బా, అక్కడే అన్నాగా!"

"నీ అక్కడ నా మిషనుకి అర్థం కాదే తల్లీ!"

తోటికోడలు దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. చెప్పకూడదని కాదు పాపం, ఆ సంగతి మాట్లాడటానికి ఆ పిల్ల దగ్గర ఆ ఒక్క మాటే ఉంది. ఆ పిల్ల పెళ్ళై వచ్చిన పన్నెండేళ్ళలో ఇద్దరూ ఉప్పూ పప్పూ పంచుకున్నారు, ఈ మాటొక్కటీ ఎత్తలేదు. ఎందుకమ్మ ఇంటికెళ్ళి కొత్త ప్యాడూ, గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్కా తెచ్చింది.

"నోటితో చెప్పకు. గీసి చూపించు."

కాసేపటికి దుప్పటిలోంచి ఓ చెయ్యి బయటికొచ్చి సుద్ద తీసుకుంది. ప్యాడ్ బోర్లా తిప్పి, అడుగున పైనుంచి కిందికి సన్నగా ఒక గీత గీసింది.

"మచ్చలా కాదా? గీతలానా?"

"గీతే. ముందు చుక్కలు చుక్కలుగా కనపడింది, తర్వాత కలిసిపోయింది."

ఎందుకమ్మ ప్యాడ్ వెలుగుకి పట్టుకుంది. సుద్దగీత సరిగ్గా తన మధ్య కుట్టు మీదే ఉంది. గబగబా ఆ ప్యాడ్ తడిపి, బోర్లించి, పిడికిలితో గట్టిగా నొక్కింది. సూది దిగిన ప్రతిచోటా ఒక్కో చుక్క పైకి ఉబికింది. ఊరికే బల్ల మీద పడున్నప్పుడు రానిది, మనిషి బరువు పడితే వస్తోంది. ఇంకా గట్టిగా ఉండాలని ఎన్ని టాకాలు వేసిందో, రెయిన్‌కోటు గుడ్డకి అన్ని కన్నాలు పొడిచింది.

"దొరికింది!" అని అరిచింది. ఆ వెంటనే సిగ్గుతో ముఖం చిన్నబోయింది. తన పనితనం చూసుకుని తను మురిసిపోయింది, పదిమందిలో తలదించుకున్నది మాత్రం ఈ పిల్ల.

"నాదే తప్పే. నీ ఒంటిది కాదు."

తోటికోడలు దుప్పటి తీసి లేచి కూర్చుంది. "నిజంగానా? నాకే ఎక్కువవుతోందేమో, ఏదైనా జబ్బేమో అనుకున్నా."

ఇద్దరూ కలిసి కుట్లు విప్పడానికి కూర్చున్నారు. ముందు లోపలి మడతల్ని విడిగా కుట్టుకోవాలి, కన్నాలు పడ్డ అడుగు గుడ్డ తీసేసి కొత్తది వెయ్యాలి, రెయిన్‌కోటు గుడ్డకి అంచుల్లో తప్ప ఎక్కడా సూది తగలకూడదు. మొదటిది తయారవగానే తడిపి, కింద పేపరు పరిచి, "ఎక్కి తొక్కు" అంది ఎందుకమ్మ. తోటికోడలు రెండు కాళ్ళతో ఎక్కి నిలబడి, నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. పేపరు పొడిగానే ఉంది.

బుధవారం పొద్దున గుమ్మంలో ఆగి, "వెళ్ళనా అక్కా?" అంది.

ఎందుకమ్మ మార్చుకోడానికి ఇంకో ప్యాడ్ ఆ పిల్ల సంచీలో పెట్టింది. ఈసారి కూడా తప్పితే? తలూపింది, అంతే.

ఆ రోజు ఆవిడ ఒకరి లంగాకి ఇంకొకరి నాడా ఎక్కించింది. సాయంత్రం ఐదింటికల్లా కాగితం, పెన్సిలు పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. తోటికోడలు సందు మలుపు తిరిగిందో లేదో ఎదురెళ్ళింది.

"ఎన్నింటికి మార్చుకున్నావు? పక్కలకేమైనా తడిగా తగిలిందా? వంగినప్పుడు జరిగిందా?"

"భోజనాలప్పుడు మార్చుకున్నా. తర్వాత ఒకటే పెట్టెలు, ఊపిరాడలేదు." సంచీ ఇంకో చేతికి మార్చుకుంది. "పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదక్కా. మర్చేపోయాను."

ఎందుకమ్మ కాగితం మీద ఏమీ రాసుకోలేదు. కళ్ళు తుడుచుకుని, తోటికోడలి చేతిలో సంచీ అందుకుంది.