పట్టీ ఉన్నంత దూరం

పేటల్లో పిల్లలకు పరుగెత్తడం ఎవరూ నేర్పనక్కర్లేదట. పొద్దున లేస్తే వీధుల్లోనే ఉంటారట. పిల్లల్ని ఆడించాలి, కదిలించాలి అనే గొడవంతా అపార్ట్‌మెంట్లలో పెరిగేవాళ్లకేనట. మా కాలనీలో చదువుకున్నవాళ్లే ఈ మాట అంటారు. అన్నవాళ్లను ఒక్కసారి సోలాపూర్‌లో, కుంఠా నాకా దగ్గర దింపి రావాలి. నేను దిగి వచ్చాను కాబట్టి చెబుతున్నాను.

నా ప్రయాణానికి కారణం మా చిన్నమ్మ ఫోను. మా అమ్మకు చెల్లెలు, పెళ్లయి సిరిసిల్ల నుంచి సోలాపూర్ వెళ్లింది. కొడుకు నర్సింగ్ ఇంట్లోనే కరెంటు మగ్గాల మీద టవళ్లు నేస్తాడు. కోడలు పద్మ బీడీలు చుడుతుంది. వాళ్లకు ఒక్కతే కూతురు పింకీ, నాలుగేళ్లది.

"పింకీ ఉరుకుతలేదు బిడ్డా," అంది చిన్నమ్మ. "నడుస్తది, నిలబడ్తది, ఉరకదు. డాక్టరేమో కాళ్ల బొక్కలు మంచిగనే ఉన్నయి, ఆడించుండ్రి, ఉరికించుండ్రి, గట్లనే కూసోబెడితే కాళ్లల్ల బలం పోతదంటడు. టానిక్కు రాయమంటే రాయలే. నువ్వొచ్చి చూడు. హైద్రాబాద్ తోల్కపోవాల్నా ఏంది, చెప్పు."

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం రైలెక్కాను. ఈ దారిలో ముందుగా సీటు చేయించుకోవడం మంచిది. వికారాబాద్ దాటేసరికి నిలబడ్డవాళ్లు మన ఒళ్లో కూర్చున్నంత పని చేస్తారు. తాండూరు దగ్గర రొట్టెలు విప్పాను. ఎదుటి సీటు పెద్దమనిషి ఎక్కడికని అడిగి, విషయం విని నవ్వారు.

"సాలోళ్ల పిల్లలకు ఆటలు నేర్పేదేమిటమ్మా! కోతి పిల్లలకు కొమ్మలెక్కడం నేర్పినట్టు."

"మీ మనవడికి ఎవరు నేర్పారండీ?" అన్నాను. ఆయన పక్కన కూర్చున్న మనవడు లింగంపల్లిలో ఫోన్లోకి తల దించినవాడు అప్పటిదాకా ఎత్తలేదు. ఆయన కిటికీలోంచి కందిచేలు చూడటం మొదలుపెట్టారు.

వాడీలో టీ బాగుంటుంది, తాగండి. సోలాపూర్‌లో దిగేసరికి రాత్రి భోజనాల వేళయింది. స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జిలో గది తీసుకుని, జొన్నరొట్టె, శనక్కాయ కారంపొడి తిని పడుకున్నాను. ఆ కారం మాత్రం జాగ్రత్త. నాలాంటి నోటినే కాసేపు మూయించింది.

పొద్దున్నే ఆటో. మరాఠీ రాదని భయపడక్కర్లేదు. అశోక్ చౌక్ దాటాక దుకాణాల ముందు, నల్లాల దగ్గర అంతా తెలుగే. "కుంఠా నాకాల ఎవ్వరింటికి మేడం? మనోళ్లేనా?" అని ఆటో అతను కులం గోత్రం కూడా అడిగేశాడు. మనోళ్లే అన్నాక కూడా కిరాయి తగ్గించలేదు.

గల్లీ మొదట్లోనే మగ్గాల చప్పుడు అందుకుంది. అరికాళ్లలోంచి ఎక్కే చప్పుడది. ఆశ్చర్యమేమిటంటే ఆ గల్లీలో పిల్లలు లేరు. సెలవు రోజుల్లో, ఎండ ముదరకముందు, ఒక్క పిల్ల కూడా వీధిలో లేదు. ఒక కుక్క మాత్రం టవళ్ల మూట మీద నిద్రపోతోంది.

చిన్నమ్మ ఇల్లు రెండు గదులు. లోపలి గదిలో రెండు మగ్గాలు. సాంచాలు అంటారు వాటిని. ముందు గదిలో మంచం, పొయ్యి, తునికాకు చాట ఒళ్లో పెట్టుకుని పద్మ. రెండు గదుల మధ్య తలుపు లేదు. మంచం పక్కన పింకీ కూర్చుని ఉంది. ముద్దుగా, బొద్దుగా ఉంది. తల దువ్వి, బొట్టు పెట్టారు. నడుముకు టవల్ అంచు పట్టీ. ఆ పట్టీ రెండో కొస మంచం కోడుకు కట్టి ఉంది.

సంచి పక్కన పడేసి అడిగాను.

"ఇదేందే పద్మా? బర్రెదూడనా, కట్టేసినవ్?"

పద్మ చేతులు ఆగలేదు. ఆకు చుట్టుకుంటూనే చెప్పింది. "సాంచా కనవడ్తలేదా అక్కా? పోయినేడు ఎన్క గల్లీల ఓ పోరి గౌను తిరిగే సాంచా పట్టాల వడ్డది. చెయ్యి పోయింది. నేను గీ చాట దించి లేసేలోపల పింకీ ఆడికి చేరుతది."

పట్టీ పట్టుకుని చూశాను. నడుము ఒరుసుకోకుండా లోపలివైపు దూది పెట్టి, పాత చీర ముక్కతో కుట్టింది. అది చూశాక నా కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అయినా ఊరుకోలేదు. మధ్యలో తలుపు పెట్టించరాదా అని లోపలికి కేకేశాను. నర్సింగ్ సాంచా ఆపి వచ్చాడు.

"తలుపు పెడ్తే గాలాడదక్కా. నూలు దుమ్ముకు దమ్ము ఆడక సచ్చిపోతం."

"మరి అన్ని ఇండ్లల్ల గిట్లనేనా?"

"కొందరు కడ్తరు, కొందరు ఫోన్ ఇస్తరు," అంది చిన్నమ్మ.

నేనే పట్టీ విప్పాను. హైదరాబాద్ నుంచి తెచ్చిన ఎర్రబంతి తీసి పింకీ ముందు దొర్లించాను. అది గడప దాటి గల్లీలోకి పోయింది. పింకీ లేచింది, నవ్వింది, నడిచింది. గడప దగ్గర ఆగింది. బంతి ఎదురుగానే ఉంది. చేతులు వెనక కట్టుకుని, ఎవరైనా తెచ్చిస్తారని నిలబడింది.

మళ్లీ దొర్లించాను. మళ్లీ అక్కడే ఆగింది. ఇదేమిటని పట్టీ అందుకుని మంచం కోడు నుంచి బయటికి సాగదీశాను. దాని పొడవు సరిగ్గా గడప దాకా వచ్చింది.

విప్పేసినా పిల్ల కట్టుబడే ఉంది.

ఆ పూట గట్టిగానే పోట్లాడాను. పద్మ తక్కువేం తినలేదు. "మీ మాటలు మంచిగున్నయి. ఒక్కనాడు నా జాగల కూసోండ్రి అక్కా, ఇటు బీడీలు, అటు పోరి, మీరే చూసుకోండ్రి" అంది.

చివరికి చిన్నమ్మే అడ్డం వచ్చింది. "రేపు సాంచాలకు సుట్టి. కరెంటుండదు. రేపు చూద్దాం, ఇయ్యాల నోర్లు మూసుకోండ్రి ఇద్దరు."

మర్నాడు మగ్గాలకు సెలవు కాబట్టి, వెళ్లేసరికి గల్లీ నిశ్శబ్దంగా ఉంది. చిన్నమ్మ రెండు కర్రలు పాతించి, గల్లీ పొడుగునా పాత నూలు పోగులు కట్టిస్తోంది. చేతిమగ్గాల కాలంలో పడుగు, అంటే బట్టకు నిలువునా ఉండే పోగులు, ఇలాగే వీధిలో పరిచి గంజి పట్టించేవాళ్లు. పోగులు తెగితే కనిపెట్టడం పిల్లల పని. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు ఉరుకుతూ వెతికేవాళ్లు.

"మమ్ముల ఎవ్వలు ఆడించిండ్రు? ఇంటిల్లిపాది పొద్దుగాల్నే పడుగు పొంటి ఉరుకుడే," అంది చిన్నమ్మ. "పని ఇండ్లల్లకు వొయ్యింది, ఆట కూడ బందైంది."

ఆమె పెట్టిన ఆట ఇది. తను చాటుగా ఒక పోగు తెంపుతుంది. పిల్లలు వెతికి, ముట్టుకుని "తెగింది!" అని అరవాలి. అరిచిన పిల్ల దగ్గరికి వాళ్ల అమ్మో నాన్నో ఉరికి వచ్చి ముడివేయాలి. ఆలస్యమైతే పిల్లను వీపునెక్కించుకుని గల్లీ చుట్టి రావాలి. ఇరుగుపొరుగు తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఇళ్లలో ఇంతమంది పిల్లలు ఉన్నారా అని నేను నోరు తెరిచాను. నర్సింగ్ లుంగీ ఎగగట్టి పక్కింటి పిల్లను మోస్తుంటే, వాళ్ల నాయన "అరే, నా పోరిని నువ్వెందుకు మోస్తున్నవ్ బే!" అని వెంటపడ్డాడు. ఆడవాళ్లు నడుములు పట్టుకుని నవ్వారు.

పింకీ గడప మీద నిలబడి ఉంది.

చిన్నమ్మ కావాలనే దగ్గర్లో, నల్లా పక్కన పోగు తెంపింది. అందరికంటే ముందు చూసింది పింకీనే. "తెగింది! తెగింది!" అని ఎగిరెగిరి అరిచింది. కాళ్లు మాత్రం గడప దాటలేదు.

"పో బిడ్డా, ముట్టుకో!" అన్నాం అందరం.

పింకీ వెనక్కి తిరిగి లోపలికి పోయింది. అలిగిందనుకున్నాను. మంచం దగ్గర్నుంచి పట్టీ తెచ్చింది. ఒక కొస తన నడుముకు అదిమి పట్టుకుని, రెండో కొస తల్లి చేతిలో పెట్టింది. "నువ్వు వట్టుకో, అమ్మా," అంది.

పద్మ పట్టీ పిడికిట్లో బిగించి ఉరికింది. వెనక పింకీ. నాలుగు అడుగులు తడబడి, అయిదో అడుగు నుంచి పరుగే. పోగు ముట్టుకుని కేక వేసింది. పద్మ అక్కడే చతికిలబడి పోగు ముడివేసింది. కూతురు పట్టీ లాగుతూ, "ఇంకోపారి! ఇంకోపారి!"

తర్వాత నా పక్కన కూర్చుని పద్మ మెల్లగా అంది. "సాంచా దిక్కు పోవద్దనే కట్టిన అక్కా. బైటికి పోవద్దని నేనెప్పుడన్న చెప్పిన్నా?"

నర్సింగ్ విని, "జాలీ తలుపు పెడ్తా. గాలి ఆడ్తది, పోరి పోదు. వచ్చే సుట్టికి" అన్నాడు.

"అందాక?" అన్నాను. పద్మ లేచి బీడీల చాట తెచ్చుకుంది.

హైదరాబాద్ ఆసుపత్రి మాట చిన్నమ్మ మళ్లీ ఎత్తలేదు. నేను తెచ్చిన తాడాట తాడు సంచిలోంచి తీయలేదు. ఆ ఇంట్లోకి ఇంకో తాడు ఇవ్వడానికి చేయి రాలేదు.

మర్నాడు తిరుగు రైలు. కలబురగి దాకా ఎండ కిటికీలోంచి ముఖం మీదే ఉంది. సోలాపూర్ వెళ్లినవాళ్లు దుప్పట్లు కొంటారు, కొనండి, మంచివే. ఆ దుప్పటి నేసిన ఇంట్లో పిల్ల ఎక్కడిదాకా నడవగలదో కూడా అడిగి రండి.

వాడీలో బండి ఆగినప్పుడు పద్మకు ఫోన్ చేశాను. "ఆ... అక్కా..." అంది. వెనక సాంచాలు మొదలయ్యాయి. "పింకీ ఏం చేస్తుంది?" అని అరిచాను. ఏదో చెప్పింది. "కట్టినవా? గడప దాటిందా?" అని ఇంకా గట్టిగా అరిచాను, పక్క సీట్లవాళ్లు తిరిగి చూశారు. పద్మ చెప్పింది, నిజంగానే చెప్పింది, పెద్ద జవాబే. మగ్గాల చప్పుడులో ఒక్క ముక్క నాకు అందలేదు. బండి కదిలింది, లైను పోయింది.

పద్మా, చేతిలో ఎవరూ పట్టీ పట్టుకోకుండా నీ బిడ్డ ఆ గడప దాటిందా?