చెవితో గాలి పట్టే మనిషి

మా తోడల్లుణ్ణి యార్డులో అందరూ చెవులాయన అంటారు. ట్రైలర్లను లారీలకు తగిలించే పని వాడికి నేర్పింది నేనే. ఎర్ర పైపు ఎక్కడ పెట్టాలో, నీలం పైపు ఎక్కడ పెట్టాలో చెయ్యి పట్టుకుని చూపించాను. ఆరేళ్ళు తిరిగేసరికి డ్రైవర్లు నన్ను దాటుకుని పోయి, "చెవులాయన ఉన్నాడా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆ పైపుల్లోంచి బ్రేకులకు పోయే గాలి ఎక్కడ లీకవుతోందో తెలియాలంటే నేను పైపుల మీద సబ్బు నీళ్ళు కొట్టి బుడగల కోసం చూడాలి. వాడు ఇంజను ఆపించి, తల వంచి, ట్రైలరు పక్కన ఒకసారి నడిచొస్తాడు. "ఇదిగో, ఈ వాషరు" అంటాడు. అంతే! నా కడుపు భగ్గుమనేది. వాడటు పోగానే వాడు కలిపిన పైపుల మీద దొంగచాటుగా సబ్బు నీళ్ళు కొట్టేవాణ్ణి. ఒక్క బుడగా వచ్చేది కాదు. ఇంటికొస్తే మా ఆవిడ గొడవ వేరే.

"మా మరిదివి బంగారు చెవులట కదా!"

"అయితే తాకట్టు పెట్టుకో!"

ఒకరోజు పొద్దున్నే మా యజమాని, సాయంత్రానికి మా ఇద్దరిలో ఒకణ్ణి మేస్త్రిని చేస్తానన్నాడు. ఇరవై ఏళ్ళుగా నేను ఎదురుచూస్తున్న మాట అది. ఆ పూట నా చేతులు పని మీద, కళ్ళు వాడి మీద. లారీ వెనక్కొచ్చి ట్రైలరు కిందికి దూరింది. పైపులు తగిలించాను, ట్రైలరును నిలబెట్టే ఇనప కాళ్ళు పైకెత్తేశాను, "పోనీ" అని డ్రైవరుకు చెయ్యి ఊపాను.

"ఆగు! ఆగవయ్యా!" మూడు బళ్ళ అవతలి నుంచి మా వాడు పరుగెత్తుకొచ్చాడు. నా చెవిలో మెల్లగా, "అన్నయ్యా, లాకు టక్కుమనలేదు" అన్నాడు.

వంగి టార్చి వేశాను. ట్రైలరును పట్టుకోవాల్సిన లాకు దవడ తెరుచుకునే ఉంది. కాళ్ళు ఎత్తే ముందు లారీని ఒకసారి ముందుకు లాగించి చూడాలని వాడికి చెప్పింది నేనే. బండి కదిలుంటే ట్రైలరు ముక్కు నేలను గుద్దుకునేది. గబగబా కాళ్ళు దించాను.

యజమాని వచ్చాడు. "ఏంటిక్కడ? సరుకు లేటవుతోంది!"

"వాషరు పాతదిలా ఉందండీ. నేనే ఆపాను" అన్నాడు వాడు.

"నీ చెవుల పిచ్చి తగలెయ్య! పెద్దాయన్ని చూసి నేర్చుకో" అని యజమాని నా భుజం తట్టాడు.

మేస్త్రి పని నా చేతికొచ్చినట్టే. నోరు మూసుకుంటే చాలు. కానీ వాడి ముఖం చూశాను. నా తప్పును కడుపులో దాచుకుని ఎంత హాయిగా నిలబడ్డాడో! దానికి కూడా కుళ్ళు పుట్టింది నాకు.

"వాషరు కాదండీ, లాకు పడలేదు. చూడకుండా కాళ్ళెత్తింది నేను" అన్నాను.

సాయంత్రం వాణ్ణే మేస్త్రిని చేశారు. మా ఆవిడ రెండు రోజులు ఉత్త చారుతో సరిపెట్టింది, మూడో రోజు నాకు ఇష్టమైన కూర వండింది.

కుళ్ళు పోయిందా అంటే, ఎక్కడ పోతుంది! ఇప్పటికీ వాడు కలిపిన ప్రతి పైపు మీదా సబ్బు నీళ్ళు కొడుతున్నాను. ఇప్పుడు దొంగచాటుగా కాదు, వాడి ఎదురుగానే.

"బుడగొచ్చిందా అన్నయ్యా?"

"రాలేదురా, నీ చెవులు పాడుగాను!"